దోమ ముఖం చూడాలి: తిరుపతి ప్లాంట్‌హాపర్ల ప్రాజెక్టు డైరీ

జూలై

పని చెప్పుకోడానికి చిన్నదే. తిరుపతి చుట్టుపక్కల, వీలు చిక్కితే చిత్తూరు దాకా, కనబడిన ప్లాంట్‌హాపర్‌నల్లా, అంటే మొక్కల రసం పీల్చుతూ ఆకుల మీద దూకే చిన్న పురుగునల్లా, ఫోటో తీయాలి, తీసినదాన్ని కనీసం ఏ కుటుంబానికి చెందిందో తేల్చాలి. జాతి పేరు దాకా వెళ్ళగలిగితే సంతోషం, వెళ్ళలేకపోతే అక్కడితో ఆపాలి. ఈ చివరి షరతు ముందే రాసి పెట్టుకుంటున్నా, ఎందుకంటే పేరు దొరకలేదని ఏదో ఒకటి అంటగట్టేసే అలవాటు ఈ రంగంలో బాగా ఉంది.

సీతాకోకచిలుకలకి ఊరికో గ్రూపు ఉంది. పక్షుల సంగతి చెప్పనే అక్కర్లేదు, తలకోన దారిలో ఆదివారం పొద్దున పోతే పెద్దపెద్ద లెన్సులు భుజాన వేసుకున్నవాళ్ళు ఎదురవుతూనే ఉంటారు. అదే పెరట్లో కరివేపాకు కొమ్మ మీద కూర్చుని, చెయ్యి దగ్గరికి పోగానే టప్పున మాయమైపోయే ఆ అర సెంటీమీటరు పురుగు పేరు అడగండి, అందరూ "ఏదో దోమలే" అనేసి ఊరుకుంటారు. నిజానికి ఇవి కుట్టే దోమలకి చుట్టాలు కావు. చెట్ల రసం పీల్చి బతికే పురుగులు, చెట్ల మీద గోల చేసే ఇలకోళ్ళకి (సికాడాలకి) దగ్గరి బంధువులు. ప్రపంచం మొత్తం మీద ఇప్పటిదాకా పేరు పెట్టినవే దాదాపు 14 వేల జాతులు. వరి రైతులు తిట్టుకునే సుడిదోమ, చెరుకు రైతులకి తెలిసిన పిరిల్లా కూడా ఈ గుంపులోవే.

మొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆకు మీద నుంచి దూకే ప్రతిదీ ప్లాంట్‌హాపర్ కాదు. లీఫ్‌హాపర్లని ఇంకో పెద్ద గుంపు ఉంది, మన కంటికి ఎక్కువగా పడేవి అవే. రెండింటినీ విడదీయాలంటే రంగు, సైజు ఎందుకూ పనికిరావు, మీసం ఎక్కడ పుట్టిందో చూడాలి. ప్లాంట్‌హాపర్‌కి మీసం కంటికి కింద, చెంప మీద ఉంటుంది, మొదట్లో ఉబ్బిన చిన్న గుండు, ఆ గుండు నుంచి సన్నటి వెంట్రుక. లీఫ్‌హాపర్‌కి మీసాలు రెండు కళ్ళ మధ్య ముందువైపు ఉంటాయి, గుండు కనబడదు, పైగా దాని వెనక కాలు పొడవునా దువ్వెన పళ్ళలాగా ముళ్ళు వరస కట్టి ఉంటాయి. అంటే పైనుంచి తీసిన ఫోటో ఎంత అందంగా వచ్చినా ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు. కెమెరా పురుగు కంటి ఎత్తుకి దిగాలి, పక్క నుంచి చూడాలి. ఈ డైరీ మొత్తం మీద నేను మళ్ళీ మళ్ళీ చెప్పబోయేది కూడా ఇదే అనుకుంటా.

జూలై చివర్లో, సామాను గురించి

సెకండ్ హ్యాండ్ కెనాన్ బాడీ, 55-250 లెన్సు, దాని ముందు తగిలించే రేనాక్స్ డీసీఆర్-250 అనే క్లోజప్ లెన్సు. అసలు మాక్రో లెన్సు ధర చూశాక ఆ ఆలోచన మానుకున్నా, మానుకున్నందుకు బాధ కూడా లేదు. లెక్క తేలికే. రేనాక్స్ పవరు 8 డయాప్టర్లు, అంటే దాని ఫోకల్ లెంగ్త్ 125 మి.మీ. వెనక లెన్సుని 250 దగ్గర పెడితే 250ని 125తో భాగించినట్టు, పురుగు సెన్సర్ మీద అసలు సైజుకి రెండింతలు పడుతుంది. ఫ్రేము వెడల్పు పదకొండు మిల్లీమీటర్లు, నాలుగు మిల్లీమీటర్ల పురుగు అందులో మూడో వంతుకి పైగానే నిండుతుంది. ఇంతకన్నా ఏం కావాలి.

కష్టం ఫోకస్‌తో. అంత దగ్గర్లో లెన్సు కన్నాన్ని ఎఫ్11 దాకా చిన్నది చేసినా అర మిల్లీమీటరు మందం కూడా స్పష్టంగా రాదు. కన్ను వస్తే రెక్క పోతుంది, రెక్క వస్తే మీసం పోతుంది. ఆటోఫోకస్ ఆపేసి, ఎడమ చేత్తో కొమ్మని పట్టుకుని, ఆ చేతి మీదే లెన్సుని ఆనించి, ఊపిరి బిగబట్టి ముందుకీ వెనక్కీ ఊగడమే మార్గం. కొమ్మా కెమెరా ఒకే చేతి మీద ఉంటే గాలికి రెండూ కలిసి ఊగుతాయి కాబట్టి ఫోకస్ చెదరదు. ఈ ఒక్క కిటుకు ట్రైపాడ్ కన్నా నయం.

ఫ్లాష్ తప్పనిసరి, కానీ నేరుగా కొడితే మైనం పూసుకున్న తెల్ల పురుగులు సున్నం వేసిన గోడే. ఐస్‌క్రీమ్ డబ్బా మూత కోసి, దాని వెనక బటర్ పేపరు రెండు మడతలు అంటించి, లెన్సు మీదుగా ముందుకి వంగేలా రబ్బరు బ్యాండుతో కట్టా. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. తెల్లటి పిల్లపురుగులకి ఫ్లాష్ పవరు ఇంకాస్త తగ్గించాలి, లేకపోతే మైనం పోగులన్నీ కలిసిపోయి ఒకే ముద్ద అవుతాయి.

ఆగస్టు

వానలు అక్కడక్కడా పడ్డాక పురుగులు పెరిగాయి. మంగళం వైపు రోడ్డు పక్క కానుగలు, వేపలు, సీతాఫలం పొదలు, వీటి చుట్టూ పొద్దున ఏడు లోపల తిరిగితే చాలు. ఎండెక్కితే దూకుడు ఎక్కువ. కొండ కిందికి, అంటే శేషాచలం అడవి హద్దు దాటి లోపలికి నేను పోవడం లేదు. అది 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ వనం, 2010లో బయోస్ఫియర్ రిజర్వు కూడా అయింది, పర్మిషన్ లేకుండా సంచీ, లైటు వేసుకుని తిరిగితే ఎర్రచందనం కోసమేమో అని అనుమానించడం అటవీశాఖ వాళ్ళ డ్యూటీ. హద్దుకి ఇవతలే ఒక గార్డు ఆపి అడిగాడు, "ఏం తీస్తాండావు?" అని. కెమెరా స్క్రీను మీద పురుగు ముఖం పెద్దది చేసి చూపిస్తే కాసేపు చూసి, "ఇంత మూతి ఉండాదా దీనికి!" అన్నాడు. ఆ తర్వాత రెండు పొదలు తనే చూపించాడు.

వీటి నడత తెలిస్తే సగం పని అయినట్టే. మనిషి నీడ పడగానే ఎగరవు, ముందు పక్కకి జరుగుతాయి. కాడకి అవతలి వైపు తిరిగి దాక్కుంటాయి, మనం అటు తిరిగితే ఇటు వస్తాయి. దీనికి మందు ఉంది. అవతలి వైపు మెల్లగా ఒక వేలు పెట్టాలి, ఆ వేలికి భయపడి పురుగు తనంతట తానే కెమెరా వైపు వస్తుంది. తొందరపడి వేలు ఊపితే మాత్రం దూకేస్తుంది, ఎక్కడ పడిందో కూడా కనబడదు.

ఈ నెల దొరికిన వాటిలో నాకు బాగా నచ్చింది ఒక రికానిడ్, అంటే రికానిడే కుటుంబం ప్లాంట్‌హాపర్. కానుగ ఆకు కింద, నడి ఈనె మీద కూర్చుని ఉంది. చూసిన వెంటనే ఎవరైనా చిన్న రెక్కలపురుగే (మాత్) అనుకుంటారు, అంత వెడల్పైన ముక్కోణపు రెక్కలు, ముదురు గోధుమ రంగు, వాటి మీద గాజులా మెరిసే మచ్చలు. ఫ్లాష్‌ని పక్కకి తీసి బాగా వాలుగా కొట్టేసరికి రెక్క ముందు అంచు వెంబడి దగ్గరదగ్గరగా అడ్డ నరాలు వరసగా లేచి కనబడ్డాయి. కంటి కింద గుండు మీసం ఒక షాట్‌లో వచ్చింది. ఆకుని మెల్లగా పైకెత్తి ఆకాశం వెనక పెట్టి తీస్తే గాజు మచ్చల ఆకారం, వాటి అంచు ఎక్కడిదాకా ఉందో తెలిసింది. ఒకే పురుగుకి ఈ మూడు ఫోటోలూ చూడ్డానికి ఏమంత గొప్పగా లేవు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే పది లైకులు రావు. కానీ మూడూ కలిపితే ఇది రికానియా ప్రజాతి దగ్గరికి వస్తుంది. మన దేశంలో తరచూ కనబడే రికానియా స్పెక్యులమ్‌తో మచ్చలు సరిపోతున్నాయనిపిస్తోంది, అయినా ఫైలు పేరులో 'రికానియా' వరకే రాశాను. ఇదే స్పెక్యులమ్ ఇటలీ దాకా పోయి అక్కడ కొత్త చీడగా తయారైంది. పోయిన దేశంలో దాన్ని గుర్తుపట్టడం తేలిక, అక్కడ దానికి అన్నదమ్ములు తక్కువ. ఇక్కడ ఉన్నారు, అదీ తంటా.

దానికి రెండు ఆకుల అవతల ఫ్లాటిడ్ పిల్లలు, ఇది ఇంకో కుటుంబం. లేత కాడ మీద గుంపుగా, ఒళ్ళంతా తెల్లటి మైనం, వెనక నుంచి పోగులు. పెద్దవి కూడా పక్కనే, లేత ఆకుపచ్చ, రెక్కలు రెండు పక్కలా నిలువుగా మూసుకుని. రికానిడ్‌కీ దీనికీ ముందు అంచు అడ్డ నరాలు రెండింటికీ ఉంటాయి కాబట్టి అది సరిపోదు. ఫ్లాటిడ్‌కి రెక్క మొదట్లో, వీపుకి ఆనుకుని ఉండే భాగంలో సన్నటి గింజలు గరుగ్గా చల్లినట్టు ఉంటాయి, రికానిడ్‌కి ఉండవు. వాలుగా లైటు పడితే తప్ప అవి కనబడవు. అందుకే వాలు లైటు షాటు ప్రతి పురుగుకీ ఒకటి తప్పనిసరి అని నోట్‌బుక్కులో రాసుకున్నా.

ఆకు మీద జిగట చూసి చీమలు వచ్చాయి. రసంలో చక్కెర మరీ ఎక్కువ, పురుగుకి కావాల్సిన మాంసకృత్తుల సరుకు మరీ తక్కువ, అందుకని బోలెడు రసం తాగి మిగిలిన చక్కెర నీళ్ళు వెనక నుంచి వదిలేస్తాయి. ఆ తేనెబంక మీద బూజు పెరిగితే ఆకు నల్లగా మసి పట్టినట్టు అవుతుంది. ఆకులు మసిబారిన చెట్టు కనబడితే ఇప్పుడు నేను బండి ఆపేస్తున్నా, వెనక కూర్చున్నవాళ్ళు విసుక్కుంటున్నారు.

సెప్టెంబరు

చంద్రగిరి దగ్గర బోరు కింద వరి. పాలు పోసుకునే దశ. సుడిదోమ కోసం ఆకుల మీద వెతికితే లాభం లేదు, అది దుబ్బు మొదట్లో, నీటికి జానెడు పైన కాపురం ఉంటుంది. దుబ్బుని పక్కకి వంచి నాలుగు తట్లు తడితే నీళ్ళ మీద పడి, మళ్ళీ నడుచుకుంటూ కాడ ఎక్కుతాయి. నేను పాలిథిన్ కవరు పరిచిన చిన్న పళ్ళెం పట్టుకుని దాంట్లోకి తట్టాను. పళ్ళెంలో అయితే వెనక కాలు ఫోటో తీయడం కుదురుతుంది.

వెనక కాలు ఎందుకంటే, సుడిదోమ చెందిన డెల్ఫాసిడ్ కుటుంబానికి తిరుగులేని గుర్తు అక్కడే ఉంది. పిక్క చివర కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది, మిగతా ముళ్ళకన్నా బాగా పెద్దది. ఆ ఒక్కటి ఫోటోలో పడిందంటే ఏ కుటుంబం అన్న చర్చ ముగిసినట్టే. పురుగు గోధుమ రంగా, నలుపా అన్నది చూడక్కర్లేదు, రంగు మారుతూ ఉంటుంది.

సుడిదోమ, అదే నీలపర్వత లూజెన్స్, ఇందులో ఇంకో చిత్రం ఉంది. ఒకే జాతిలో పొడుగు రెక్కలవీ ఉంటాయి, పొట్టి రెక్కలవీ ఉంటాయి. తిండి బాగా ఉన్నప్పుడు పొట్టి రెక్కల ఆడవి ఎక్కువ, అవి ఎగరలేవు కానీ గుడ్లు బాగా పెడతాయి. గుంపు పెరిగి పైరు వాడే సమయానికి పొడుగు రెక్కలవి పెరిగి వేరే పొలానికి వలస పోతాయి. పళ్ళెంలో రెండూ పక్కపక్కన దొరికాయి, తెలియనివాళ్ళు చూస్తే రెండు జాతులనే చెప్తారు. వీటితో పాటే వీపు మీద తెల్లచార ఉన్న తెల్లమచ్చ దోమ కూడా కొన్ని, దాని పేరు సొగటెల్లా ఫర్సిఫెరా.

పొలం ఆయన గెనిమ మీద నుంచి చాలాసేపు చూశాడు.

"ఏం సార్, అగ్రికల్చర్ ఆఫీసా?"

"లేదన్నా, ఊరికే ఫోటోలు తీసుకుంటున్నా."

"దోమకి ఫోటోలేంది సామీ! మందు ఏమన్నా చెప్తావనుకుంటే."

మందు చెప్పే అర్హత నాకు లేదు. కానీ పళ్ళెంలో ఆకుపచ్చా నలుపూ కలిసిన చిన్న నల్లి ఒకటి తిరుగుతుంటే అది మాత్రం చూపించాను. అది సిర్టోరైనస్ లివిడిపెన్నిస్, దోమ గుడ్లను కుచ్చి తినేది. దోమ కోసం కొట్టే సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులకి ముందు ఇవీ, సాలీళ్ళూ పోతాయి, తర్వాత దోమ రెట్టింపై తిరిగొస్తుంది. నాట్లప్పుడు ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని చెప్పేది కూడా గాలీ వెలుతురూ మొదట్లోకి పోతే దోమ కుదురుకోదనే. "అది మాకూ చెప్తారు, కూలోళ్ళు వదిలితే కదా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మజ్జిగ తాగి వచ్చేశా.

అక్టోబరు

చిత్తూరు దగ్గర మామ వాళ్ళ చెరుకు తోట. గానుగ ఆడడానికి ఇంకా టైముంది. పొద్దున్నే మంచుకి ఆకులు తడిసి ఉంటాయి, పురుగులు మెత్తగా ఉంటాయి, చెరుకు ఆకు అంచులు మాత్రం మెత్తగా ఉండవు, చేతులంతా గీరుకుపోయాయి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా లేకుండా చెరుకులోకి పోకండి.

"దీనికోసరమా నువ్వు తిరప్తి నుంచి వచ్చిండేది?" అని మామ.

"అవును మామా, దీని ముక్కు చూడు."

పిరిల్లా పెర్‌పుసిల్లా. లోఫోపిడే కుటుంబం. గడ్డి రంగు, సెంటీమీటరుకి అటూ ఇటూ, తల ముందుకి సాగి ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. ఇంతదాకా నేను చూసిన ప్లాంట్‌హాపర్లలో ఫోటోకి ఇంత ఓపిగ్గా కూర్చున్నది ఇంకోటి లేదు. పక్క నుంచి తీస్తే ముక్కు, దాని వెనక ఎర్రటి కన్ను, కంటి కింద మీసం గుండు, మూడూ ఒకే వరసలో వస్తాయి కాబట్టి ఆ సన్నటి ఫోకస్‌లోనే అన్నీ పట్టేస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టమంటాను.

పిల్లపురుగులు ఇంకా బాగుంటాయి. లేత పసుపు ఒళ్ళు, వెనక రెండు పొడుగాటి తెల్లటి తోకలు, ఈక పీచులతో కట్టినట్టు. నడుస్తుంటే ఆ రెండూ విడిపోయి మళ్ళీ దగ్గరికొస్తాయి. గుడ్లు ఆకు అడుగున వరసలుగా పెట్టి మీద తెల్లటి మైనం పీచు కప్పి ఉన్నాయి. ఆ పీచుని సూదితో కొంచెం పక్కకి తీస్తే లేత ఆకుపచ్చ గుడ్లు కనబడ్డాయి. ఒక్క చోటే తీశాను, మిగతావి ముట్టుకోలేదు, మామ మాత్రం "ముట్టుకోకుంటే ఎట్ల, నలిపెయ్యి" అంటాడు. ఆయన కోపంలో న్యాయముంది. ఈ తేనెబంకకి ఆకులు నల్లబడి రసంలో తీపి తగ్గితే బెల్లం ఉండ సరిగ్గా కట్టదు.

అసలు ఆ తోటలో నేను ఎక్కువసేపు కూర్చున్నది పిరిల్లా దగ్గర కాదు, దాని ఒంటి మీద కూర్చున్న ఇంకోదాని దగ్గర. ఒక పెద్ద పిరిల్లా రెక్కల కింద, పొట్ట పక్కన తెల్లటి ముద్ద ఒకటి అంటుకుని ఉంది. మొదట మైనం అనిపిస్తుంది, దగ్గరికి పోతే అడుగున ముడతలు ముడతలుగా ఒళ్ళు కనబడింది. ఎపిరికేనియా మెలనోల్యూకా అనే చిన్న రెక్కలపురుగు తాలూకు గొంగళి అది. పిరిల్లా మీద ఎక్కి, బయట నుంచే పీల్చి, పెరిగాక దిగిపోయి ఆకు మీద తెల్లటి గూడు కట్టుకుంటుంది. అదే ఆకు మీద పై వైపు నాలుగైదు గూళ్ళు కూడా ఉన్నాయి. ఇది ఎక్కువగా ఉన్న తోట నుంచి గూళ్ళున్న ఆకుల్ని కోసి, లేని తోటలో కట్టడం పాత పద్ధతే, హెక్టారుకి 4,000 నుంచి 5,000 గూళ్ళని సిఫారసు. మామకి కెమెరా స్క్రీను మీద గొంగళిని పెద్దది చేసి చూపించాను. కళ్ళద్దాలు తెచ్చుకుని మళ్ళీ చూశాడు. పక్క తోట ఆయన్ని పిలిచి, "మన పురుక్కి పేను పట్టిండాదబ్బా" అన్నాడు. ఎండిన ఆకులు దూసేటప్పుడు ఆ గూళ్ళున్న ఆకులు తగలబెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పి వచ్చాను, చెత్త కాల్చడంలోనే సగం పోతాయి ఇవి.

నవంబరు

ఈశాన్య వానలు. వాయుగుండం, ఆ వెంటనే ఇంకోటి. బయటికి పోయేది లేదు.

ఇంటి వెనక కొబ్బరి మట్ట అడుగున డెర్బిడ్లు, ఇంకో ప్లాంట్‌హాపర్ కుటుంబం. ప్రౌటిస్టా మోయెస్టా లాగే ఉన్నాయి, నల్లటి పొడుగు రెక్కల మీద తెల్లటి చుక్కలు, కూర్చున్నప్పుడు రెక్కలు మూయకుండా చాచే ఉంచుతాయి. దీని పిల్లలు చెట్టు మీద దొరకవు, కుళ్ళిన మొద్దుల్లో, తడి చెత్తలో బూజు తిని పెరుగుతాయి. కేరళ వైపు కొబ్బరి, పోక తోటల్లో రోగాలు మోసే పురుగుగా దీనికి పేరు ఉంది. గొడుగు మెడకి ఆనించుకుని, తల పైకెత్తి తీయడం వల్ల మెడ పట్టేసింది.

వాన తెరిపిచ్చిన రాత్రి మేడ మీద తెల్ల దుప్పటి కట్టి ఎల్‌ఈడీ లైటు పెట్టా. అర గంటలో కరెంటు పోయింది.

డిసెంబరు, జనవరి

కూర్చుని ఫోల్డర్లు సర్దే పని. ఇది చెప్పుకోడానికి ఏమీ ఉండదనుకున్నా, రాయాల్సింది ఎక్కువ ఇక్కడే ఉంది.

భారతీయ జాతుల మీద పట్టుకోడానికి దొరికే పాత ఆధారం డబ్ల్యూ. ఎల్. డిస్టాంట్ అనే ఇంగ్లిషు కీటక శాస్త్రవేత్త 1906లో వేసిన సంపుటం. ఆర్కైవుల్లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఈ గుంపునంతా ఒకే ఫల్గోరిడే కుటుంబంగా పెట్టి లోపల విభాగాలు చేశారు, ఇప్పుడు ఆ విభాగాలు చాలావరకు విడి కుటుంబాలయ్యాయి. కాబట్టి దాన్ని చదివాక పేరుని ఫ్లో అనే అంతర్జాతీయ డేటాబేసులో వేసి ఇప్పుడు ఏమంటున్నారో చూసుకోవాలి. ఐనాచురలిస్ట్ వెబ్‌సైటు సూచించే పేరుని మాత్రం నేను ప్రశ్నగానే తీసుకుంటా. అది మనం చూపించిన ఫోటోని చూసి చెప్తుంది తప్ప కనబడని కాలు గురించి ఏమీ చెప్పదు, పైగా ప్రపంచంలో ఎక్కువగా ఫోటోలున్న జాతి వైపు మొగ్గుతుంది.

జాతి దాకా ఎందుకు పోలేమంటే, ఈ పురుగుల్లో చాలా వాటిని విడదీసేది మగ పురుగు జననాంగం ఆకారం. దాన్ని చూడాలంటే పురుగుని చంపి, పొట్ట చివర కోసి, కాస్టిక్ పొటాష్ ద్రావణంలో నానబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టాలి. అది చేసేవాళ్ళ మీద నాకు గౌరవమే, వాళ్ళు లేకపోతే మనకి పేర్లే లేవు. నేను మాత్రం చేయను. నా పని ఫోటో, ఆ ఫోటో చెప్పగలిగినంతే చెప్తాను. కుటుంబం పేరుతో ఆగిన ఫైలు, అబద్ధపు జాతి పేరున్న ఫైలు కన్నా ఎన్నో రెట్లు నయం. రేపు ఎవరైనా ఆ కుటుంబం మీద పని చేస్తే ఫోల్డరు తెరిచి చూసుకుంటారు. తప్పుడు పేరుతో ఉన్నదాన్ని ఎవరూ వెతకరు కూడా.

అందుకే ఇప్పుడు ప్రతి పురుగుకీ నేను కోరుకునేది ఒక ఫోటో కాదు, ఒక వరస. పక్క నుంచి తల, ముఖం ఎదురుగా, ముఖం మీద నిలువు గట్లు ఎన్నున్నాయో తెలిసేలా. వాలు లైటులో రెక్క. పైనుంచి వీపు. వీలైతే వెనక కాలు. ఆ తర్వాత రెండడుగులు వెనక్కి జరిగి మొక్క మొత్తం, పువ్వో కాయో ఉంటే అదీ. పురుగు ఎగిరిపోయాక అది కూర్చున్న చోట స్కేలు ముక్క పెట్టి ఇంకోటి, సైజుకోసం. ఈ చివరిది అందరూ మర్చిపోతారు, కానీ పని చేసేది అదే. ఎదురుగా ముఖం తీయడమే అన్నిటికంటే కష్టం, ముందు నుంచి వస్తే పురుగు తట్టుకోలేదు.

ఫోల్డర్లు సర్దుతూ పిల్లపురుగుల దూకుడు గురించి చదివా. యూరప్‌లో ఉండే ఇస్సస్ కోలియోప్ట్రాటస్ అనే ప్లాంట్‌హాపర్ పిల్లకి వెనక కాళ్ళ మొదట్లో నిజమైన పళ్ళ చక్రాలు ఉన్నాయి, ఒక్కో వైపు 10 నుంచి 12 పళ్ళు. రెండు కాళ్ళూ ఒకేసారి తన్నేలా అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని తిరుగుతాయి, రెండు కాళ్ళ మధ్య తేడా సెకనులో పది లక్షల వంతుల్లో 30 లోపే. మాల్కం బరోస్, గ్రెగరీ సటన్ 2013లో ఇది ప్రచురించారు. చివరిసారి చర్మం విడిచి పెద్దదయ్యేటప్పుడు ఆ చక్రాలు పోతాయి. ఇదంతా చదివాక తెల్ల మైనం పిల్లల ఫోటోలన్నీ మళ్ళీ తెరిచి కాళ్ళ మొదలు పెద్దది చేసి చూశా. నా లెన్సుకి అంత సీను లేదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి.

దొరకాల్సిన పురుగుల చిట్టాలో పైన ఉన్నది కాళిదాస లనాటా. ఫల్గోరిడే, దక్షిణ భారతంలో ఉండేదే. డ్రూరీ 1773లోనే వర్ణించాడు, 1900లో కిర్కాల్డీ ఆ ప్రజాతికి మన కవి పేరు పెట్టాడు. ముక్కు మీద పైకి లేచిన సన్నటి కొమ్ము ఉంటుంది. ఇదిగాని చెట్టు మాను మీద ఎవరికైనా కనబడితే, ముందు పక్క నుంచి తల తీయండి, తర్వాత అరవండి.

ఫిబ్రవరి

మామిడి పూత. చిత్తూరు జిల్లాలో ఈ టైములో దోమ అంటే ఒకటే అర్థం, తేనెమంచు పురుగు. తోతాపురి తోటలోకి అడుగు పెట్టగానే ఆకుల మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు, అన్నీ ఒకేసారి దూకుతాయి. ఇడియోస్కోపస్, అమ్రిటోడస్ ప్రజాతులవి, లీఫ్‌హాపర్లు, నా ప్రాజెక్టులోకి రావు. అయినా ఒక పొద్దు మొత్తం వాటికే ఇచ్చాను, పోలిక ఫోటోల కోసం. పూకాడ మీద ఒకటి తల కిందికి పెట్టి కూర్చుంది, ఎదురుగా తీస్తే రెండు కళ్ళూ దూరంగా, మధ్యలో వెడల్పాటి ముఖం, మీసాలు ఆ ముఖం మీద, కంటి కింద ఏమీ లేదు. దీన్ని పిరిల్లా ముఖం పక్కన పెట్టి ఒకే ఫ్రేము చేశాను. ఎవరైనా తేడా అడిగితే ఇక మాటల్లో చెప్పే పని లేదు, అదే పంపిస్తున్నా.

తోట కాపలా అతను పూత మీద తేనెబంక చూపించి, "ఈ సారి కాయ నిలబడేది కష్టమే సార్" అన్నాడు. ధర గురించి అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

మార్చి

అవిలాల చెరువు వైపు జిల్లేడు పొదలో యూరిబ్రాకిడ్ పిల్ల, ఇదీ ఒక ప్లాంట్‌హాపర్ కుటుంబమే. వెనక రెండు పొడుగు పోగులు మీసాల్లా కనబడతాయి, పైగా వెనక్కి వెనక్కి నడుస్తుంది, ఏది తలో ఏది తోకో తేల్చుకునేలోపు దూకేస్తుంది. పిల్లతో జాతి తేలదు కాబట్టి ఆ కొమ్మకి దోమతెర ముక్కతో సంచి కుట్టి కట్టాను, మొదట్లో దూది చుట్టి దారంతో బిగించి, చీమలు దూరకుండా. తర్వాత పోయి చూస్తే సంచిలో పాత చర్మం ఒకటి వేలాడుతూ, పక్కనే పెద్దది. మచ్చల గోధుమ రంగు, బెరడు మీద ఉంటే కనబడే ప్రసక్తే లేదు. ముఖం పొడవు కన్నా వెడల్పు ఎక్కువ, పక్కలు కోణంగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, యూరిబ్రాకిడే అనడానికి అది చాలు. యూరిబ్రాకిస్ టొమెంటోసా కావచ్చు, మన వైపు మామూలుగా దొరికేది అదే. ఫైలుకి 'యూరిబ్రాకిస్' అని పెట్టి, పిల్ల, చర్మం, పెద్దది, జిల్లేడు, నాలుగూ ఒకే ఫోల్డరులో వేశాను. సంచి విప్పగానే అది పక్క కొమ్మ మీదికి దూకి, కాడకి అవతలి వైపు తిరిగింది. వేలు పెట్టాను, ఇటు వచ్చింది, ఎదురుగా ముఖం దొరికింది.

ఏప్రిల్ ఎండల్లో బయటి పని ఉండదు. ఎపిరికేనియా గూళ్ళ ఫోటోలు తమిళనాడు హద్దు దగ్గర చెరుకు వేసే ఇంకో ఇద్దరికి పంపాను, వాళ్ళ తోటల్లో ఉన్నాయేమో చూసి చెప్తామన్నారు.